కాటా దిగాక వేరుపడ్డ రెండు కార్లు

1973 నాటి పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 కార్లు రెండు పక్కపక్కన ఆపి ఉంటే, వాటిలో ఏది స్పోర్ట్, ఏది టూరింగ్ అని దూరం నుంచి చూసి చెప్పడం కష్టం. వెనక ఇంజను మూత మీద బాతుతోకలా పైకి లేచిన అంచు రెండింటికీ ఉంటుంది. తలుపుల కింద పొడుగ్గా పరుచుకున్న కరేరా అక్షరాలు, వెనక చక్రాల దగ్గర ఉబ్బిన మడ్‌గార్డులు, 210 హార్స్‌పవర్ ఇంజను అన్నీ ఒకటే. అయినా వాటి మధ్య 115 కిలోల బరువు తేడా ఉంది. ఇవాళ కొనాలంటే ఆ రెండు ధరల మధ్య ఉన్న తేడాతో ఒక మంచి ఇల్లే కొనుక్కోవచ్చు.

మనం షోరూంకి వెళ్తే ముందు అడిగేది టాప్ మోడల్ ఎంత అని. బేస్ మోడల్‌కి స్టీలు రిమ్ములు, ప్లాస్టిక్ క్యాపులు. పైకి వెళ్తే అలాయ్ వీల్స్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్. డబ్బు పెరిగేకొద్దీ కారులో సామాను పెరుగుతుంది. ఆ లెక్క పట్టుకుని ఈ పాత కారు దగ్గరికి వస్తే ఏమీ అర్థం కాదు. ఇక్కడ సంపన్నులు పోటీపడి కొనేది డ్యాష్‌బోర్డులో గడియారం లేని కారుని, కోటు తగిలించుకునే కొక్కెం కూడా పీకేసిన కారుని. అన్ని సౌకర్యాలూ ఉన్న టూరింగ్ దానికంటే చౌక.

లేనివాటికి ఇంత విలువ ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఈ రెండు రకాలు ఎలా పుట్టాయో తెలియాలి. వీటిని విడదీసింది కొనేవాళ్ళ అభిరుచులు లెక్కగట్టిన సేల్స్ విభాగం కాదు. ఆ పని రేసుల రూల్‌బుక్కు చేసింది, దానితోపాటు ఒక వేబ్రిడ్జి కాటా చేసింది.

1970లోనూ 1971లోనూ లెమాన్ 24 గంటల రేసు గెలిచింది పోర్షే 917. అప్పటి రేసుకార్లలో దానికి ఎదురులేదు. 1972 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొనే ప్రోటోటైపులు మూడు లీటర్ల ఇంజను దాటకూడదని నిబంధన వచ్చింది. అయిదు లీటర్ల దగ్గర ఉన్న 917కి ఆ ఛాంపియన్‌షిప్‌లో పని లేకుండా పోయింది. దాన్ని టర్బోలు బిగించి అమెరికాలో కాన్-ఆమ్ రేసులకు పంపారు. అదే సమయంలో కంపెనీ లోపల కూడా మార్పులు జరిగాయి. పోర్షే, పీయెక్ కుటుంబాల వాళ్ళు రోజువారీ నిర్వహణ నుంచి తప్పుకున్నారు. 917 వెనక ఉన్న ఫెర్డినాండ్ పీయెక్ కూడా వెళ్ళిపోయాడు. పగ్గాలు ఎర్న్స్ట్ ఫూర్‌మన్ చేతికి వచ్చాయి.

ఫూర్‌మన్ వియెన్నాలో పుట్టిన ఇంజనీరు. 1950లలో పోర్షేకి నాలుగు క్యామ్‌షాఫ్టుల రేసింగ్ ఇంజను గీసిచ్చింది ఆయనే. ఆ ఇంజను పెట్టిన 356 కార్లకే మెక్సికోలో జరిగిన కరేరా పనామెరికానా రేసు గుర్తుగా కరేరా అని పేరు పెట్టారు. ఆ తర్వాత కంపెనీ విడిచి వెళ్ళి, 1971లో మళ్ళీ వచ్చాడు. కోట్లు పోసి ప్రత్యేకంగా రేసుకార్లు కట్టడం కంటే, జనం కొనుక్కునే 911తోనే రేసులు గెలవాలన్నది ఆయన దారి. ఈ కథలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం అదేనని నా అభిప్రాయం. మిగతావన్నీ దాని వెంట వచ్చినవే.

కానీ 1972 నాటికి 911 పరిస్థితి ఏమంత బాగాలేదు. సొంత డబ్బుతో రేసులాడే కస్టమర్లు సొంత గడ్డ జర్మనీలోనే ఫోర్డ్ కాప్రిల చేతిలో, బీఎండబ్ల్యూ కూపేల చేతిలో ఓడిపోతున్నారు. 911 ఇంజను వెనక ఇరుసుకు అవతల వేలాడుతూ ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ కారు వెనకభాగం తేలికైపోయి, మలుపుల్లో డ్రైవరు గుండెలు అరచేతిలో పెట్టుకోవలసి వచ్చేది. తోక అదుపులోకి రావాలి, బరువు తగ్గాలి, టైర్లు వెడల్పు కావాలి, ఇంజను పెద్దది కావాలి. రేసుకు తీసుకెళ్ళే కారుకి ఇవన్నీ చేసుకోవచ్చుగా అనిపిస్తుంది. చేసుకోకూడదు. అక్కడే రూల్‌బుక్కు అడ్డొస్తుంది.

గ్రూప్ 4 అనే తరగతిలో పోటీ చేయాలంటే ఆ రకం కారు కనీసం 500 తయారుచేసి మామూలు జనానికి అమ్మాలి. అమ్మిన కారుకి ఏ బరువు రాయించారో, ఏ ఆకారం చూపించారో దాని ఆధారంగానే రేసుకారుని తయారుచేసుకోవాలి. దీన్నే హోమోలోగేషన్ అంటారు. రోడ్డుకారు వెనక మడ్‌గార్డులు ఉబ్బించి ఉంటే, రేసుకారుకి అక్కడి నుంచి ఇంకొంత ఉబ్బించే వీలుంటుంది. రోడ్డుకారు మీద తోక ఉంటేనే రేసుకారు మీద తోక ఉండనిస్తారు. రోడ్డుకారు బరువు తక్కువని కాగితం మీద తేలితేనే రేసుకారు అంత తేలిగ్గా బరిలోకి దిగొచ్చు. అంటే గెలవాల్సింది ట్రాక్ మీదే అయినా, అందుకు కావలసినవన్నీ ముందు షోరూంలో అమ్మి చూపించాలి.

1972 మేలో పని మొదలైంది. పీటర్ ఫాల్క్, నోర్బర్ట్ సింగర్ వంటి వాళ్ళు అందులో ఉన్నారు. ఒక దశలో దాదాపు 15 మంది ఇంజనీర్లు ఈ ఒక్క కారు మీదే పనిచేశారు. అక్టోబరులో పారిస్ మోటార్ షో. చేతిలో ఉన్నది అయిదు నెలలు.

ఇంజను సంగతి హాన్స్ మెట్జ్‌గర్ చూసుకున్నాడు. అప్పటికి 911 ఎస్‌లో ఉన్న ఆరు సిలిండర్ల ఇంజను 2,341 సీసీ. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 70.4 మిల్లీమీటర్లు. దాన్ని ముట్టుకోకుండా సిలిండరు వ్యాసాన్ని 84 మిల్లీమీటర్ల నుంచి 90కి పెంచారు. సామర్థ్యం 2,687 సీసీ అయింది. చెప్పడానికి సులువే. పాత సిలిండర్లలో లోపల ఇనుప పొర ఉండేది, అది ఉన్నంతకాలం వ్యాసం పెంచడానికి చోటు లేదు. 917 రేసుల్లో పనికొచ్చిన నికసిల్ పూత ఇక్కడ ఆదుకుంది. అల్యూమినియం సిలిండరు గోడ మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పల్చని పూత వేస్తే చాలు, ఇనుప పొర అవసరం లేదు. బాష్ మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 6,300 ఆర్‌పీఎం దగ్గర 210 హార్స్‌పవర్ వచ్చింది. 911 ఎస్ ఇచ్చేది 190.

ఇక తోక. ఈ కారుని లోకం గుర్తుపట్టేది దానితోనే కాబట్టి కాస్త నిలబడి చూడాలి.

911 వీపు పైకప్పు నుంచి వెనక బంపరు దాకా నున్నగా జారిపోతుంది. చూడ్డానికి అందమే. గాలికి మాత్రం అది విమానం రెక్క పైభాగంలా పనిచేస్తుంది. గాలి ఆ వంపుని అంటిపెట్టుకుని వేగంగా జారుతుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, కారు వెనకభాగాన్ని పైకి లాగుతుంది. నేలకి అదిమి ఉండాల్సిన వెనక టైర్లు అతివేగం దగ్గరే పట్టు వదులుతాయి. ఏరోడైనమిక్స్ ఇంజనీర్లు హెర్మన్ బుర్స్ట్, టిల్మన్ బ్రోడ్‌బెక్ విండ్ టన్నెల్‌లో దీనికి మందు వెతికారు. వాళ్ళు వాడినవి వెల్డింగ్ తీగలు, పల్చటి రేకు ముక్కలు. ఇంజను మూత చివర ఒక అంచు నిలబెట్టడం, కొలవడం, కాస్త ఎత్తు పెంచడం, మళ్ళీ కొలవడం. గాలి ఆ అంచు దగ్గర వీపుని వదిలేస్తోంది, కింది దాకా అంటుకుని లాగడం లేదు. అంచు ఎత్తు కుదిరేసరికి వెనకభాగాన్ని పైకి లాగే బలం మూడో వంతు లోపుకి పడిపోయింది.

వాళ్ళనే ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. వీపు మీద గాలికి అడ్డంగా అంచు నిలబెడితే కారు నెమ్మదించాలి కదా. అలా జరగలేదు. గాలి నిరోధం తగ్గి, గరిష్ఠవేగం గంటకు నాలుగున్నర కిలోమీటర్లు పెరిగింది. వేగమూ పెరిగి స్థిరత్వమూ పెరగడం రేసుకార్లు కట్టేవాళ్ళకి రోజూ దొరికే వరం కాదు. ఆ రేకుముక్కలకి కారు మీద ఉండదగిన రూపం ఇచ్చినవాడు స్టైలిస్ట్ రోల్ఫ్ వీనర్. 1972 ఆగస్టు 5న జర్మన్ పేటెంట్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టారు. ముందొక స్పాయిలర్, వెనకొక స్పాయిలర్ రెండూ ఫ్యాక్టరీ నుంచే బిగించుకుని వచ్చిన మొదటి ప్రొడక్షన్ కారు ఇదేనని పోర్షే చెప్పుకుంటుంది. ఈరోజు మన రోడ్ల మీద చిన్న చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకి కూడా వెనక స్పాయిలర్ అతికిస్తున్నారు. చాలాసార్లు అది అలంకారమే. ఈ బాతుతోకలో అలంకారం కోసం పెట్టిన మిల్లీమీటరు ఒక్కటి కూడా లేదు, అందుకే అది నాకంత ఇష్టం.

టైర్ల విషయంలోనూ పోర్షే కొత్త దారి పట్టింది. ముందు 6 అంగుళాల వెడల్పు చక్రాలకు 185 టైర్లు, వెనక 7 అంగుళాల చక్రాలకు 215 టైర్లు. వెనక టైర్లు లోపల ఇమడడానికి అక్కడ బాడీని 42 మిల్లీమీటర్లు వెడల్పు చేశారు. తేడా సైజు చక్రాలు వేసిన మొదటి పోర్షే రోడ్డుకారు ఇదే.

ఇక బరువు. రెండు రకాలు పుట్టింది ఇక్కడే.

బరువు తగ్గించడానికి కారులోని ప్రతి వస్తువునూ నువ్వెందుకున్నావని అడిగారు. వెనక సీట్లు తీసేశారు. నేల మీది తివాచీ తీసేశారు. గడియారం, కోటు కొక్కేలు, చేతులానించుకునే ఆర్మ్‌రెస్టులు పోయాయి. చప్పుడు లోపలికి రాకుండా వేసే అట్టలు పోయాయి. బరువైన ముందు సీట్ల స్థానంలో రెండు తేలికపాటి బకెట్ సీట్లు వచ్చాయి. బాడీకి పల్చటి రేకు వాడారు, కిటికీలకు పల్చటి గాజు వేశారు. కొన్ని భాగాలు ఫైబర్‌గ్లాస్ అయ్యాయి. ఆఖరికి బానెట్ మీద ఉండే పోర్షే లోహముద్రని కూడా వదల్లేదు. దాని స్థానంలో స్టిక్కరు అంటించారు. ఒక లోహపు బిళ్ళ ఎంత బరువుంటుంది? అయినా తీశారు. ఆ పట్టుదల చూస్తే ఆ ఇంజనీర్ల మీద గౌరవం పెరుగుతుంది. కిలోలు ఒకేచోట దొరకవని, గ్రాములుగా ఏరుకోవాలని వాళ్ళకి తెలుసు. చివరికి కారు 960 కిలోలకు వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. అమ్మకాల విభాగానికి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఇంత ఖరీదైన కారుని, లోపల డొల్ల తప్ప ఏమీ లేని కారుని, 500 మంది ఎక్కడ కొంటారు? రేసులాడేవాళ్ళు కొందరు కొంటారు. మిగతావాళ్ళకి పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే కారు కావాలి, వారాంతంలో ఊరెళ్ళే కారు కావాలి. 500 అమ్ముడుపోకపోతే హోమోలోగేషన్ లేదు, రేసు లేదు, అయిదు నెలల పని బూడిదలో పోసిన పన్నీరే.

దీనికి దొరికిన ఉపాయం చూడండి. కార్లన్నీ ముందు ఏమీలేని స్థితిలోనే తయారయ్యేవి. ఆ స్థితికి ఆర్‌ఎస్‌హెచ్ అని పేరు. చివరి అక్షరం హోమోలోగేషన్‌ది. అలా తయారైన కారుని కాటా మీదికి ఎక్కించి తూచేవారు. ఆ బరువే అధికారిక బరువు. కాటా దిగాక కొన్నవాడు ఏ ప్యాకేజీ అడిగాడో చూసేవారు. ఎం 471 అడిగితే, అంటే స్పోర్ట్, పెద్దగా చేయాల్సింది లేదు. ఎం 472 అడిగితే కారు మళ్ళీ ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళి, 911 ఎస్ లోపలి సామానంతా బిగించుకుని వచ్చేది. మెత్తని సీట్లు, వెనక సీట్లు, తివాచీ, గడియారం, తలుపులకు జేబులు, చప్పుడు ఆపే అట్టలు అన్నీ తిరిగొచ్చేవి. బయటికి వచ్చేసరికి 1,075 కిలోలు. నిబంధనని ఎక్కడా మీరలేదు, కొనేవాడినీ నిరాశపరచలేదు.

అందుకే స్పోర్ట్ అంటే సౌకర్యాలు పీకేసిన టూరింగ్ అనడం తప్పు. చరిత్ర వరస తలకిందులు. ముందు పుట్టింది తేలిక కారు, సామాను నింపితే టూరింగ్ అయింది. ధరలు కూడా ఆ వరసే చెబుతాయి. కారు అసలు ధర 34,000 మార్కులు. స్పోర్ట్ ప్యాకేజీకి అదనంగా 700 మార్కులు, టూరింగ్‌కి అదనంగా 2,500. అప్పట్లో ఎక్కువ డబ్బిచ్చిన వాడికి ఎక్కువ సామాను వచ్చింది, మన షోరూం లెక్కే. ఆ లెక్కని ఆ తర్వాత కాలం తిరగరాసింది.

పారిస్ షోలో అక్టోబరులో కారుని చూపించారు. నవంబరు చివరికల్లా అనుకున్న 500 కార్లూ అమ్ముడయ్యాయి. ఫ్యాక్టరీ తయారుచేస్తూనే పోయింది. 1,000 దాటాక కారుకి గ్రూప్ 3లో కూడా అర్హత వచ్చింది. 1973 జులై నాటికి మొత్తం 1,580. వాటిలో 17 ఆర్‌ఎస్‌హెచ్ స్థితిలోనే మిగిలినవి, 200 స్పోర్ట్, 1,308 టూరింగ్, మిగతా 55 ఎం 491 అనే ఆర్‌ఎస్‌ఆర్ రేసుకార్లు. వాటి ఇంజను 2,808 సీసీ. ఉద్గారాల నిబంధనల వల్ల అమెరికాలో ఈ కారుని రోడ్డు మీద నడపడానికి అమ్మలేదు.

ఆ అంకెల్లో నన్ను ఆపేది 1,308. చర్చల్లో, వేలంపాటల్లో అందరూ స్పోర్ట్ గురించే మాట్లాడతారు. కానీ రేసుకి అర్హత తెచ్చిపెట్టింది, ఫ్యాక్టరీ పెట్టుబడిని వెనక్కి రాబట్టింది టూరింగ్‌లే. తివాచీలు, గడియారాలు కోరుకున్న ఆ కస్టమర్ల డబ్బు వెనక ఉండగా, 1973 ఫిబ్రవరిలో పీటర్ గ్రెగ్, హర్లీ హేవుడ్ ఆర్‌ఎస్‌ఆర్‌తో డేటోనా 24 గంటల రేసు గెలిచారు. అదే ఏడాది మేలో సిసిలీ కొండదారుల్లో హెర్బర్ట్ ముల్లర్, గీస్ వాన్ లెన్నెప్ టార్గా ఫ్లోరియో గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భాగంగా జరిగిన చివరి టార్గా ఫ్లోరియో అది.

రోడ్డు మీద కూడా కారు మాట నిలబెట్టుకుంది. స్పోర్ట్ సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 5.8 సెకన్లలో చేరింది. జర్మన్ పత్రిక ఆటో మోటర్ ఉంట్ స్పోర్ట్ పరీక్షల్లో ఆరు సెకన్ల గీత దాటిన మొదటి ప్రొడక్షన్ కారు అదే. టూరింగ్‌కి 6.3 సెకన్లు పట్టేది. గరిష్ఠవేగంలో తేడా ఇంకా తక్కువ, 245కి 240.

ఇప్పుడు ఆ రెండు కార్ల మధ్య నిలబడి ఏది ఏదో చూద్దాం.

ముందు బానెట్ కొన దగ్గరికి వెళ్ళాలి. అక్కడి పోర్షే ముద్రని వేలితో తడిమితే లోహపు బిళ్ళ తగిలిందా, నున్నగా స్టిక్కరు తగిలిందా తెలుస్తుంది. స్టిక్కరైతే స్పోర్ట్ కావచ్చు. కావచ్చు అని మాత్రమే అంటున్నాను, ఎందుకంటే స్టిక్కరు అంటించడానికి అయిదు నిమిషాలు చాలు.

తర్వాత తలుపు. టూరింగ్ తలుపు లోపల మామూలు 911 ఎస్ లాగే ఆర్మ్‌రెస్టు, దాని కింద సామాన్లకి జేబు ఉంటాయి. స్పోర్ట్ తలుపు లోపల చదునైన నల్ల అట్ట. తెరవడానికి లివరు లేదు, ఒక సన్నని పట్టీ వేలాడుతుంది. దాన్ని లాగితే గడియ ఊడుతుంది. మూసుకోవడానికి ఒక సాదా పిడి. అద్దం దించాలంటే చేత్తో తిప్పాల్సిందే. ఆ పట్టీ పట్టుకుని తలుపు తెరిచినప్పుడు తలుపు ఎంత తేలిగ్గా కదులుతుందో చేతికే తెలుస్తుంది. పల్చటి రేకు, పల్చటి గాజు అంటే ఏమిటో కాగితం మీది అంకెల కంటే ఆ కదలిక బాగా చెబుతుంది. ఆ రేకు ఒక్కదాన్నే నమ్మకూడదు. మొదటి విడత కార్లలో ప్యాకేజీతో నిమిత్తం లేకుండా పల్చటి రేకు వాడారు, కాబట్టి తొలినాటి టూరింగ్ కూడా అలాగే ఉండవచ్చు.

లోపలికి తొంగి చూస్తే డ్యాష్‌బోర్డులో డయళ్ళ వరసకి కుడికొసన గడియారం ఉండాల్సిన చోట స్పోర్ట్‌కి ఖాళీ మూత ఉంటుంది. వెనక సీట్లు ఉండవు. పైన కోటు కొక్కెం ఉండదు. ఇంజను మొదలెడితే ఇక వేరే ఆధారం అక్కర్లేదు. చప్పుడు ఆపే అట్టలు లేని స్పోర్ట్‌లో వెనకున్న ఆరు సిలిండర్లు నేరుగా వీపులో మోగుతాయి.

ఇవన్నీ కంటితో చూసేవి. వీటిలో ఒక్కటి కూడా రుజువు కాదు. అసలు చిక్కు నంబర్లు చూసినప్పుడు మొదలవుతుంది. ఛాసిస్ నంబరు 911360తో మొదలవుతుంది. 911 కారు రకం, 3 అంటే 1973 మోడల్ సంవత్సరం, 6 ఆర్‌ఎస్ ఇంజనుకి, 0 కూపే బాడీకి. తర్వాతి నాలుగంకెలు ఆ కారు వరస సంఖ్య. దీన్ని బట్టి ఒక మామూలు 911కి బాతుతోక అతికించి ఆర్‌ఎస్ అని చెప్పుకునే కారుని పట్టుకోవచ్చు. ఆ నంబరులో స్పోర్టా, టూరింగా అన్న సంగతి మాత్రం ఎక్కడా ఉండదు. ఎలా ఉంటుంది? కారు పుట్టినప్పుడు ఆ తేడాయే లేదు, అది కాటా దిగాక వచ్చింది. నంబరు కొట్టేటప్పటికి అన్నీ ఒకే వరసలోని కార్లు.

ఇంజనుని బట్టి చెబుదామన్నా కుదరదు. 911/83 అనే ఆ ఇంజను రెండు ప్యాకేజీలకూ ఒకటే. పైగా 1974, 1975లలో యూరప్‌లో అమ్మిన 911 కరేరా 2.7లలోనూ అదే పెట్టారు. ఎక్కడో ప్రమాదంలో దెబ్బతిన్న 1974 కరేరా ఇంజను ఈరోజు ఒక ఆర్‌ఎస్ నకలులో ఊపిరి పోసుకుని ఉండవచ్చు.

కనుక చివరికి ఫ్యాక్టరీ రికార్డులే శరణ్యం. ఏ నంబరు కారుని ఏ రంగులో, ఏ ప్యాకేజీతో, ఏ ఊరి డీలరుకి పంపారో అప్పుడే రాసిపెట్టుకున్నారు. ఆస్ట్రియాకు చెందిన థామస్ గ్రూబర్, గెయోర్గ్ కొన్రాడ్‌షైమ్ ఈ ఒక్క కారు మీదే ఏళ్ళ తరబడి పరిశోధించి 1990లలో భారీ గ్రంథం వెలువరించారు. ఆర్‌ఎస్ కొనేవాళ్ళు మొదట తెరిచే పుస్తకం అదే. రికార్డులో ఎం 472 అని ఉండి, మీ ముందున్న కారులో పట్టీ తలుపులు, స్టిక్కరు ముద్ర ఉంటే, అది మధ్యలో ఎవరో మార్చిన టూరింగ్.

మార్చిన ప్రతివాడూ మోసగాడని అనుకోనక్కర్లేదు. 1970ల చివర, 1980లలో ఇవి కేవలం పాత స్పోర్ట్స్ కార్లు. చేతులు మారుతూ క్లబ్ రేసులకి, కొండ రేసులకి, ర్యాలీలకి వెళ్ళాయి. టూరింగ్ కొన్నవాడు తివాచీ పీకి మూల పడేశాడు, వెనక సీట్లు అమ్ముకున్నాడు, రేసు గెలవడానికి ఏది అవసరమో అది చేశాడు. అటు స్పోర్ట్ కొన్నవాడు పెళ్ళాం పిల్లలతో ప్రయాణాలు చేయాలని వెనక సీట్లు, రేడియో పెట్టించుకున్నాడు. కారు వాడుకోవడానికే అని నమ్మినవాళ్ళు వాళ్ళు. వాళ్ళని తప్పుపట్టడం నాకు చేతకాదు. స్పోర్ట్ ధర ఆకాశాన్ని అంటాకే అదే పని వేరే ఉద్దేశంతో జరగడం మొదలైంది.

అందువల్లే ఇప్పుడు నిపుణులు కారుని పైకి ఎత్తి, తివాచీ కింద నేలని, సీట్ల రెయిలుకి కొట్టిన రంధ్రాలని, ఎక్కడెక్కడ అట్టల జిగురు మరకలు ఉన్నాయో చూస్తారు. చప్పుడు ఆపే అట్ట ఒకసారి అతికించి పీకితే రేకు మీద జాడ మిగులుతుంది. స్పోర్ట్ అని చెప్పి అమ్ముతున్న కారు నేల మీద ఆ జిగురు కనిపిస్తే, ఏదో ఒకరోజు అక్కడ అట్ట ఉండేదనే అర్థం. రంగు కింద రంగు, వెల్డింగ్ అతుకులు, స్టాంపింగ్ అంకెల లోతు, ఇలా ఒక్కొక్కటీ దగ్గరగా చూసి, ఆ తర్వాతే కాగితాలతో పోల్చి తీర్పు చెబుతారు.

స్పోర్ట్, టూరింగ్ అనే ఈ జంట తర్వాత కూడా పోర్షేని వదల్లేదు. 1990ల మొదట్లో 964 తరం ఆర్‌ఎస్ వచ్చినప్పుడు మళ్ళీ ఖాళీ కారు ఒకటి, సౌకర్యాల టూరింగ్ ఒకటి అమ్మారు. 2017లో 911 జీటీ3కి టూరింగ్ ప్యాకేజీ ఇచ్చారు. దాని వెనక పెద్ద రెక్క ఉండదు. స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. జుఫెన్‌హౌసెన్‌లోని పోర్షే మ్యూజియం వాళ్ళకి లోకల్ ట్రెయిను దూరమే. అక్కడ ఆర్‌ఎస్ కనిపిస్తే బాతుతోక ఫోటో తీసుకున్నాక బానెట్ కొన దగ్గరికి కూడా వెళ్ళండి. మ్యూజియంలో తాకనివ్వరు. ముద్ర అంచు రేకు మీద నీడ వేస్తోందో లేదో చూస్తే సరిపోతుంది.